కోరల్ ట్యాంక్‌కి లైట్ కొంటున్నారా? వాట్స్, ల్యూమెన్స్ పక్కన పెట్టి ఈ లెక్క చూడండి

200 మెగాపిక్సెల్స్ అని రాసి ఉన్నంత మాత్రాన ఫోటో బాగా వస్తుందని ఇప్పుడు ఎవరూ నమ్మడం లేదు. సెన్సార్ సైజెంత, రాత్రి పూట ఎలా తీస్తుంది అని అడిగాకే ఫోన్ కొంటున్నాం. అదే అక్వేరియం లైట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "165 వాట్స్, 20,000 కెల్విన్, ఫుల్ స్పెక్ట్రమ్" అని బాక్స్ మీద కనిపిస్తే చాలు, కార్ట్‌లో వేసేస్తాం. ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా మీ ట్యాంక్‌లో కోరల్ బతుకుతుందో లేదో చెప్పదు.

నేనుండేది శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి. 2023లో వచ్చిన సినిమా పుణ్యమా అని ఇప్పుడు ఊరి పేరు చెబితే "ఓ, ఆ పోలీస్ స్టేషనా!" అంటున్నారు. భావనపాడు సముద్రం మాకు బైక్ మీద వెళ్లి వచ్చేంత దూరం. ఇంట్లో రెండడుగుల ఉప్పునీటి ట్యాంక్ ఉంది, ఎత్తు 18 అంగుళాలు. అందులో ఓ పక్క కౌలెర్పా నాచు, ఇంకో పక్క జొయాంథిడ్స్, మష్రూమ్ కోరల్స్, గ్రీన్ స్టార్ పాలిప్స్. సాయంత్రం లైట్ వెలిగితే మా అమ్మ అనే మాట ఒకటే: "ఏట్రా ఇది, కొత్తమ్మతల్లి జాతరకి లైటింగ్ పెట్టినట్టు!" అమ్మకి అది అలంకారం. కోరల్‌కి మాత్రం అది అన్నం.

అన్నం అని ఊరికే అనలేదు. కోరల్ ఒక జంతువు. దాని కణాల లోపల జూజాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గే కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో కిరణజన్య సంయోగక్రియ చేసి, తయారైన చక్కెరలో పెద్ద వాటా ఇంటి యజమానికి ఇస్తాయి. లైట్ తప్పుగా ఎంచుకుంటే ఫోటో బాగోకపోవడం కాదు, ట్యాంక్‌లో జీవి ఆకలితో ఉంటుంది. ఇందులో ఇబ్బంది ఏంటంటే ఆ ఆకలి వెంటనే బయటపడదు. వెలుతురు తక్కువైతే కోరల్ ముందు గోధుమ రంగులోకి తిరుగుతుంది, ఎందుకంటే ఉన్న కొద్ది వెలుతురునీ పట్టుకోడానికి లోపల ఆల్గేని పెంచుకుంటుంది. జొయాంథిడ్స్ అయితే మెడ సాచినట్టు పైకి సాగుతాయి. "అబ్బ, పెరుగుతున్నాయే" అని మనం సంబరపడతాం. నెలలు గడిచాక ఒక్కొక్కటే కరిగిపోతుంది. వెలుతురు ఎక్కువైతే దీనికి రివర్స్, వేగం కూడా ఎక్కువే. రంగు వెలిసిపోయి, ముడుచుకుని, కొద్ది రోజుల్లోనే తెల్లగా అయిపోతుంది. బ్లీచింగ్ అనేది దీన్నే.

బాక్స్ మీద అంకెలు ఎందుకు పనికిరావు

ముందు వాట్స్. మార్కెట్‌లో "165 వాట్స్" అని దొరికే నల్ల పెట్టె లాంటి లైట్లలో 55 ఎల్‌ఈడీలు ఉంటాయి, ఒక్కోటి 3 వాట్ల రకం. 55ని 3తో గుణించి పెట్టె మీద అచ్చేస్తారు. ఆ ఎల్‌ఈడీలని పూర్తి 3 వాట్లతో ఎవరూ నడపరు. గోడ ప్లగ్ దగ్గర పవర్ మీటర్ పెట్టి చూస్తే లాగేది అంతకంటే తక్కువే. లాగిన కరెంటులో ఎంత వెలుతురు అయింది, ఎంత వేడి అయింది అన్నది మళ్లీ వేరే కథ.

కెల్విన్ అంటే వెలుతురు మన కంటికి ఏ రంగులో కనిపిస్తుందో చెప్పే అంకె. 6,500 అంటే పగటి తెలుపు, 20,000 అంటే నీలం. ఒకే కెల్విన్ ఉన్న రెండు లైట్ల లోపలి స్పెక్ట్రమ్ పూర్తిగా వేరుగా ఉండొచ్చు. దాంతో పెద్దగా పని లేదు.

ల్యూమెన్స్‌తోనే అసలు తకరారు. ఇది మనిషి కంటికి ఎంత వెలుగుగా అనిపిస్తుందో చెప్పే కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పచ్చ రంగు దగ్గర బాగా చూస్తుంది. 450 నానోమీటర్ల నీలం దగ్గర ఆ చూపు నూటికి నాలుగు పాళ్లకి పడిపోతుంది. జూజాంథెల్లేలో ఉండే క్లోరోఫిల్ ఏ, సీ2, పెరిడినిన్ అనే రంగుద్రవ్యాలు గట్టిగా పట్టుకునేది మాత్రం ఆ నీలం ప్రాంతాన్నే. సముద్రంలో ఎరుపు ముందే ఆగిపోతుంది. 650 నానోమీటర్ల ఎరుపు, నీళ్లు ఎంత తేటగా ఉన్నా 10 మీటర్ల లోతుకి చేరేసరికి నూటికి మూడు వంతులే మిగులుతుంది. నీలం మాత్రం లోతుకి దిగుతుంది. కోరల్ ఆ నీలానికే అలవాటు పడిన ప్రాణి. అంటే కోరల్‌కి కావలసిన వెలుతురుని తూకం వేయడంలో ల్యూమెన్ తక్కెడ దొంగ తక్కెడ.

అందుకని చూడాల్సింది పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు, అంటే ఫోటాన్లు, ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని మైక్రోమోల్స్ పడుతున్నాయో చెప్పే లెక్క ఇది. రంగుతో సంబంధం లేదు, ప్రతి ఫోటాన్‌కీ ఒక్క ఓటే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇది సుమారు 2,000 ఉంటుంది. మన ట్యాంక్‌కి అందులో ఇరవయ్యో వంతు చాలు, కాకపోతే అది కోరల్ ఉన్న చోట పడాలి, లైట్ కింద అంగుళం దూరంలో కాదు. కంపెనీ తన పేజీలో పార్ అంకె ఇస్తే ఎంత ఎత్తు నుంచి, నీళ్లలోనా గాల్లోనా, మధ్యలోనా మూలలోనా అని చూడండి. ఆ వివరం లేని పార్ అంకె బెంచ్‌మార్క్ స్కోర్ లాంటిదే.

నాచుకి ఒకటి, కోరల్‌కి ఒకటి కావాలా?

"మొక్కలకి ఎరుపు కావాలి, కోరల్‌కి నీలం కావాలి, రెండూ కలిపి ఎలా?" అని చాలామందికి అనుమానం. నిజానికి మనం మొక్కలు అంటున్న కౌలెర్పా, ఉల్వా లాంటివి మొక్కలు కావు, సముద్రపు నాచులు. ఉప్పునీటి అడుగున పెరిగే అసలైన పూల మొక్క సముద్రపు గడ్డి. మనకి పైన ఒడిశాలో చిలికా సరస్సులో అది ఉంది. దానికి వెలుతురూ ఎక్కువ కావాలి, లోతైన ఇసుకా కావాలి, కాబట్టి మొదటి ట్యాంక్‌లో దాని జోలికి వెళ్లొద్దని నా మాట. నాచులయితే మన తీరంలో కొత్తేం కాదు. విశాఖ రాళ్ల మీద పెరిగే నాచుల గురించి ఆంధ్రా యూనివర్సిటీ వృక్షశాస్త్రజ్ఞులు 1960ల్లోనే పత్రాలు ప్రచురించారు.

పచ్చ నాచులో ఉండే క్లోరోఫిల్ కూడా నీలాన్ని బాగానే వాడుకుంటుంది. అందుకే నీలం ఎక్కువున్న రీఫ్ లైట్ కింద కౌలెర్పా చచ్చిపోదు, పెరుగుతుంది. కాకపోతే కంటికి నల్లగా, చచ్చినట్టు కనిపిస్తుంది. దాని పచ్చదనం తిరిగి మన కంటికి రావాలంటే తెల్ల ఎల్‌ఈడీ కొంత కలవాలి. కాబట్టి లైట్‌లో నీలం, తెలుపు వేర్వేరు చానల్స్‌గా తగ్గించుకునే వీలు ఉండాలి. ఎరుపు, పచ్చ చానల్స్ ఉంటే కొంచెం పెట్టుకోండి, లేకపోయినా కొంపేం మునిగిపోదు.

నాచు ప్రధానంగా నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ లాగడానికే అనుకుంటే దాన్ని పై ట్యాంక్‌లో పెట్టనే వద్దు. కింద సంప్‌లో ఒక అర కేటాయించి కీటోమార్ఫా వేయండి. దానికి ఖరీదైన రీఫ్ లైట్ అక్కర్లేదు, కరెంటు సామాన్ల షాపులో దొరికే 6,500 కెల్విన్ మామూలు ఎల్‌ఈడీ బల్బు హోల్డర్‌కి తగిలిస్తే చాలు. దాన్ని రాత్రి వెలిగించండి. పగలు పై ట్యాంక్‌లో కోరల్స్, రాత్రి కింద నాచు వంతులేసుకుని కార్బన్ డయాక్సైడ్ వాడుకుంటాయి కాబట్టి రాత్రి పూట పీహెచ్ మరీ పడిపోదు. నా దృష్టిలో ఈ మొత్తం హాబీలో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చే వస్తువు ఆ బల్బే.

ఇంకో విషయం లైట్ రివ్యూల్లో కనపడదు. నాచు ఉన్న ట్యాంక్‌లో నీళ్లు మెల్లగా పసుపు రంగుకి తిరుగుతాయి. ఎదురుగా చూస్తే తెలియదు, తెల్ల బకెట్‌లో పోసి చూస్తే తెలుస్తుంది. ఆ పసుపు ముందు మింగేది నీలాన్నే. అంటే డబ్బు పోసి కొన్న నీలం వెలుతురు కోరల్ దాకా వెళ్లకుండానే ఖర్చైపోతుంది. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి క్రమం తప్పకుండా మారుస్తుంటే చాలు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. పక్కనే సముద్రం ఉంది కదా అని వర్షాకాలంలో భావనపాడు ఒడ్డు నుంచి నీళ్లు తెచ్చుకోకండి. వంశధార లాంటి నదులు నిండుగా పారే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఒడ్డు నీటిలో ఉప్పు శాతం తగ్గుతుంది, బురదా కలుస్తుంది. నౌపాడ ఉప్పు కలుపుదామా అని అడిగే ఫ్రెండ్స్ కూడా ఉన్నారు. మడుల్లో ఉప్పు గడ్డ కట్టేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం చాలా వరకు విడిపోతాయి. అది కూరకి ఉప్పు, కోరల్‌కి కాదు. రీఫ్ సాల్ట్ అని అమ్మేదే వాడండి.

ఎంత పార్, ఎన్ని గంటలు

మష్రూమ్ కోరల్స్‌కి 50 నుంచి 100 మధ్య ఉంటే హాయి. జొయాంథిడ్స్, స్టార్ పాలిప్స్, లెదర్ కోరల్స్‌కి 80 నుంచి 150. కౌలెర్పా కూడా ఈ పరిధిలోనే బాగా పెరుగుతుంది. అందుకే నాచు, సాఫ్ట్ కోరల్స్ ఒకే లైట్ కింద సర్దుకుపోగలవు. అడుగున 60, మధ్య రాయి మీద 100, పైన 150 వచ్చేలా చూసుకుంటే ఎవరి చోటు వాళ్లకి దొరుకుతుంది. 300 దాటే వెలుతురు కావాల్సింది కొమ్మల్లా పెరిగే గట్టి కోరల్స్‌కి. మన దేశంలో వాటి సంగతి వేరే ఉంది, కిందకి వస్తున్నా.

పార్ అనేది స్పీడ్ లాంటిది, రోజు మొత్తం మీద పడే వెలుతురు డేటా ప్యాక్ లాంటిది. 100 మైక్రోమోల్స్ చొప్పున 9 గంటలు వెలిగితే, గంటకి 3,600 సెకన్లు కాబట్టి రోజుకి 3.24 మోల్స్. 150 చొప్పున 6 గంటలు వెలిగించినా అదే 3.24. కాబట్టి లైట్ కొంచెం బలహీనంగా ఉంటే గంటలు పెంచి కొంత సర్దుకోవచ్చు. అలాగని 600 చొప్పున గంటన్నర వెలిగిస్తే లెక్క సరిపోతుంది గానీ కోరల్ మాడిపోతుంది. ఒక స్థాయి దాటాక ఆ వెలుతురుని ఆల్గే వాడుకోలేవు, దెబ్బతింటాయి. 8 నుంచి 10 గంటల మధ్య ఉంటే మంచిది.

కొత్త లైట్ అయినా, కొత్త కోరల్ అయినా మొదటి రోజే మీరు అనుకున్న స్థాయికి తీసుకెళ్లకండి. సగంతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పెంచుకుంటూ రండి. కొన్ని యాప్స్‌లో దీనికి అక్లిమేషన్ మోడ్ అని ఉంటుంది. లేకపోతే ఆదివారం ఆదివారం మీరే స్లైడర్ జరపండి.

ఫోన్‌తో కొలవొచ్చా?

మనకి అసలు ఆసక్తి ఇక్కడే కదా. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో స్క్రీన్ బ్రైట్‌నెస్ సర్దడానికి పైభాగంలో ఒక లైట్ సెన్సార్ ఉంటుంది, లక్స్ మీటర్ యాప్ వేస్తే దాని రీడింగ్ చూపిస్తుంది. లక్స్ కూడా ల్యూమెన్‌కి తమ్ముడే, మనిషి కంటి లెక్కే. ఎండలో ఒక మైక్రోమోల్‌కి సుమారు 54 లక్స్ వస్తుంది. 450 నానోమీటర్ల రాయల్ బ్లూలో అదే ఒక మైక్రోమోల్‌కి దాదాపు 7 లక్స్ మాత్రమే. అంటే 100 పార్ ఉన్న చోట ఎండయితే 5,400 లక్స్, నీలమయితే 700 లక్స్. నీలం లైట్ పెట్టి "700 లక్సేనా, ఆఫీసు గదిలో కూడా ఇంతే ఉంటుంది" అని స్లైడర్ పైకి తోశారంటే కోరల్ పని అయిపోయినట్టే.

అయినా ఫోన్ పనికొస్తుంది, అసలు అంకె కోసం కాదు, పోలిక కోసం. ట్యాంక్‌లో నీళ్లు పోయకముందే లైట్‌ని అనుకున్న ఎత్తులో బిగించండి. నీలం ఆపేసి తెల్ల చానల్ ఒక్కటే వెలిగించండి. సెన్సార్ మీద పల్చటి తెల్ల కాగితం ముక్క అతికించి, ఫోన్‌ని వెల్లకిలా అడుగున పెట్టి మధ్యలో, నాలుగు మూలల్లో, రాయి పెట్టబోయే ఎత్తులో రీడింగ్స్ రాసుకోండి. ఫోన్ వంకరగా ఉంటే రీడింగ్ మారిపోతుంది, చదునుగా ఉండాలి. మధ్యలో వచ్చినదాన్ని వంద అనుకుంటే మూలల్లో ఎంత? మూడో వంతు కూడా లేకపోతే లైట్ ఎత్తు పెంచాలి, లేదా ఒక పెద్ద లైట్ బదులు రెండు చిన్నవి తీసుకోవాలి. నీళ్లు పోశాక అలలు, అద్దాల ప్రతిబింబాల వల్ల అంకెలు మారతాయి గానీ ఏ చోటు చీకటో, ఏ చోటు వెలుగో మ్యాప్ దాదాపు అలాగే ఉంటుంది. ఇదంతా ఒకే ఫోన్‌తో చేయండి. రెండు ఫోన్ల సెన్సార్లు ఒకే చోట రెండు రకాలుగా చెబుతాయి.

ఫోన్‌ని ఉప్పునీళ్లలో ముంచి కొలుద్దాం అనుకునే వీరులకి ఒక మాట. ఐపీ68 పరీక్ష మంచినీళ్లలో చేసేది. ఉప్పునీళ్లు చార్జింగ్ పోర్ట్‌ని తినేస్తాయి, వారంటీ వాళ్లు తల అడ్డంగా ఊపుతారు.

నిజమైన పార్ అంకె కావాలంటే క్వాంటమ్ మీటర్ ఉండాలి. అపోజీ కంపెనీ ఎంక్యూ-510 నీళ్లలో పెట్టి కొలవడానికే చేసింది. దాని ఖరీదు చిన్నపాటి లైట్ ఖరీదుని దాటేస్తుంది, ఒక్కరి కోసం కొనడం దండగ. ఎవరి దగ్గరైనా ఉంటే ఒక రోజుకి అడిగి తెచ్చుకోండి, లేదా నలుగురు కలిసి కొనండి. ఒకసారి కొలిచి రాసుకుంటే ఆ లైట్, ఆ ఎత్తు మారనంత వరకు మళ్లీ అక్కర్లేదు.

ఏం చూసి కొనాలి

రెండడుగుల ట్యాంక్‌లో సాఫ్ట్ కోరల్స్‌కి ఏఐ ప్రైమ్ 16హెచ్‌డీ తరహా లైట్ ఒకటి, తక్కువ శాతంలో నడిపినా చాలు. అడుగున్నర లోపు చిన్న ట్యాంక్ అయితే కెసిల్ ఏ80 ట్యూనా బ్లూ 15 వాట్లే, అందులో మష్రూమ్స్ సుఖంగా ఉంటాయి. కెసిల్‌లో ఎల్‌ఈడీలన్నీ ఒకే చోట గుమిగూడి ఉంటాయి కాబట్టి సముద్రంలోలా వెలుతురు అలలు అలలుగా ఆడుతుంది, చూడ్డానికి అద్భుతం. కానీ రాయి వెనక నీడ కూడా అంతే గట్టిగా పడుతుంది. నల్ల పెట్టె లైట్లు చూడ్డానికి మొరటుగా ఉన్నా రెండు చానల్స్‌తో, చవగ్గా సాఫ్ట్ కోరల్స్‌ని పోషిస్తాయి. నాకు వాటి మీద చిన్నచూపేమీ లేదు. ఫ్యాన్ చప్పుడు తప్ప.

బ్రాండ్ కంటే ముందు మా ఊళ్లాంటి చోట చూడాల్సినది కరెంటు పోయి వచ్చాక లైట్ ఏం చేస్తుందో. ప్లగ్ తీసి, అరగంట ఆగి, వైఫై రౌటర్ ఆపేసి మళ్లీ పెట్టండి. సరైన టైమ్‌తో, సరైన షెడ్యూల్‌తో తిరిగి వెలిగితే షెడ్యూల్ లైట్ లోపలే భద్రంగా ఉన్నట్టు. వంద శాతంతో వెలిగి కూర్చుంటే, లేదా సర్వర్ కోసం వెతుక్కుంటూ ఆరిపోయి ఉంటే, రిటర్న్ గడువు దాటకముందే పంపేయండి. రెండోది, అడాప్టర్ లైట్ బయట విడిగా ఉండాలి. పోతే అదొక్కటే మార్చుకోవచ్చు, ఉప్పు తుంపర్లకి దూరంగా పెట్టుకోవచ్చు. దాని వైరు సాకెట్ కంటే కిందకి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వదలండి. అప్పుడు వైరు వెంట జారిన నీళ్లు నేల మీద పడతాయి, సాకెట్‌లోకి పోవు.

కరెంటు బిల్లు గురించి బెంగ వద్దు. 60 వాట్ల లైట్ రోజుకి 8 గంటలు వెలిగితే అర యూనిట్ కూడా కాదు, నెలకి 15 యూనిట్ల లోపే. వేసవిలో వేడి మాత్రం చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం గదే కాగిపోతుంటే పైన లైట్ కూడా తోడవడం ఎందుకు? నా లైట్ మధ్యాహ్నం 3కి మొదలై రాత్రి 11కి ఆరుతుంది. కోరల్‌కి మన గడియారంతో పని లేదు, క్రమం ఉంటే చాలు. పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి చూసుకోడానికీ ఉంటుంది.

గట్టి కోరల్స్ సంగతి

విదేశీ యూట్యూబ్ చానల్స్‌లో రంగురంగుల అక్రోపోరా చూసి 400 పార్ లైట్ కొనేద్దామనుకుంటే ఆగండి. మన దేశంలో గట్టి కోరల్స్ అన్నీ, నల్ల కోరల్స్, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్స్ కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో సమానం. వలలో పడి ఒడ్డుకి వచ్చిన సీ ఫ్యాన్ అయినా ఇంటికి తెచ్చుకుంటే నేరమే. ఎవరైనా అమ్ముతామన్నా కొనొద్దు. అవి లేనప్పుడు 400 పార్ లైట్‌తో మనకి పని లేదు. ఆ మిగిలే డబ్బు మంచి సాల్ట్ మీద, టెస్ట్ కిట్స్ మీద పెట్టండి.

తుఫాను రోజుల్లో

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన జిల్లా తీరం దాటాక ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఇక్కడ ట్యాంక్ పెట్టేవాళ్లు ఆ లెక్క కూడా వేసుకోవాలి. రెండు మూడు రోజులు వెలుతురు లేకపోయినా సాఫ్ట్ కోరల్స్ తట్టుకుంటాయి. తట్టుకోలేనిది నీళ్లు కదలకపోవడం, ఆక్సిజన్ తగ్గడం. కాబట్టి ఇన్వర్టర్ మీద మొదటి వంతు గాలి పంపుకి, తర్వాత నీళ్లు తిప్పే పంపుకి, లైట్‌ది ఆఖరి వంతు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోండి. కరెంటు వచ్చాక లైట్‌ని పాత స్థాయిలో వెలిగించకండి. మూడు రోజులు దాటి చీకట్లో ఉన్న కోరల్‌ని కొత్తగా తెచ్చిన దానిలాగే చూసి, సగం వెలుతురుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచుకుంటూ రండి. ఆ వారంలో మష్రూమ్స్ ముడుచుకునే ఉంటే ఇంకో నాలుగు రోజులు సగంలోనే ఉంచండి.